ఖాళీ ఇంట్లో ఆయిల్ తరుగుతోంది

హత్యకేసులో ఇరుక్కున్నవాడు ముందు లాయరు గురించి అడుగుతాడు, తర్వాత బెయిలు గురించి. మెర్ల్ ఫాస్ ఆ రెండూ అడగలేదు. బుధవారం ఉదయం తొమ్మిదీ పదికి, కౌంటీ జైలు గదిలో ఒడెట్ మిషో ఎదురుగా కూర్చుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, "పాయింట్ మీది ఇంట్లో ఆయిల్ ఎంతుందో ఎవరైనా చూశారా?" అన్నాడు.

ఒడెట్ పెన్ను బల్ల మీద పెట్టేసింది. ముప్ఫై ఏళ్ళు పోలీసు ఉద్యోగం చేసి, ఆరేళ్ళుగా సొంతంగా డిటెక్టివ్ పని చేసుకుంటున్న మనిషి. ఇలాంటి ప్రశ్న ఇంతవరకూ ఏ ముద్దాయి నోటా వినలేదు. మెర్ల్ చెల్లెలు ఏడుస్తూ వచ్చి ఈ కేసు అప్పగించినప్పుడు, హైస్కూల్లో తనతో కలిసి చదివినవాడు కదా అన్న మొహమాటంతో ఒప్పుకుంది. ఇప్పుడు మొహమాటం పోయి కుతూహలం పట్టుకుంది.

"నీ మీదున్నది హత్యకేసు మెర్ల్, ఆయిల్ కేసు కాదు. రెండింటికి నిన్ను జడ్జి ముందు నిలబెడతారు. తెలుసా?"

"తెలుసు."

"కోరా ట్రాఫ్టన్ కనపడక పదకొండు రోజులైంది. ఆ శనివారం సాయంత్రం ఆరూ ఇరవైకి వాళ్ళ సందు చివర నీ ట్రక్కు ఆగుంటే చూసినవాళ్ళున్నారు. నీ పక్కసీటు మీద ఆవిడ రక్తం ఉంది. అదెలా వచ్చింది?"

"ముక్కులోంచి."

"ముక్కు పగలగొట్టిందెవరు?"

మెర్ల్ గోడవైపు తిరిగాడు. "లాయరు మాట్లాడొద్దన్నాడు."

"ఆయిల్ గురించైతే మాట్లాడొచ్చన్నాడా?"

అతను నవ్వబోయి మానేశాడు. మెర్ల్ పని, వేసవిలో తప్ప యజమానులు రాని ఐదిళ్ళని చలికాలమంతా కనిపెట్టుకుని ఉండటం. నాలుగిళ్ళని అక్టోబరులోనే చల్లారబెట్టి తాళం వేసేస్తాడు. సముద్రంలోకి చొచ్చుకెళ్ళిన పాయింట్ మీది ఇంట్లో మాత్రం పియానో ఉంది కాబట్టి, ఆయిల్‌తో ఇల్లు వెచ్చబెట్టే బాయిలర్ నడుస్తూ ఉండాలి. అదీ ఎంతో కాదు, నలభై ఎనిమిది డిగ్రీల ఫారన్‌హీట్. మనుషులకి చాలదు, పియానోకి చాలు.

"ఆ ఇంట్లో అక్టోబరులో ఏమేం చేశావో చెప్పు," అంది ఒడెట్.

"ఏటా చేసేదే. నీళ్ళ పంపు కట్టేశాను. పైపుల్లో నీళ్ళు దించేశాను. టాయిలెట్లలో గడ్డకట్టకుండా ఆ గులాబీరంగు మందు పోశాను. బాయిలరు గదులు వెచ్చబెట్టే రేడియేటర్ల కోసం నడుస్తుంది, అంతే."

"మరి ఆయిల్ గురించి నీకెందుకింత బెంగ?"

"బెంగేముంది. ఊరికే అడిగాను."

ఊరికే అడిగేవాడు జైలుగదిలో మొదటి మాటగా అది అడగడు. ఒడెట్ లేచి కోటు వేసుకుంది. తలుపు దాకా వెళ్ళాక వెనక నుంచి మెర్ల్ మళ్ళీ అడిగాడు. "నిన్న రాత్రి ఎంత పడింది ఒడెట్, చలి?"

"సున్నాకి పద్దెనిమిది కింద."

మెర్ల్ కళ్ళు మూసుకున్నాడు. అది తన కోసం భయపడే మనిషి ముఖం కాదని ఒడెట్‌కి అనిపించింది. మరి ఎవరి కోసమో తెలియలేదు.

పాయింట్ చేరేసరికి పదకొండూ నలభై అయింది. ఆది, సోమవారాల్లో పడిన మంచుకి ఆ దారి నిలువెత్తు పూడిపోయింది. దాన్ని తవ్విపోసేవాడు మెర్లే కాబట్టి, అతను జైల్లో ఉండగా ఎవరూ పట్టించుకోలేదు. జైలు నుంచి బయటికి రాగానే ఒడెట్ పక్క ఊరి మనిషిని బతిమాలి దారి తీయించింది.

తాళాల కోసం ఆమె రమ్మన్న లోవెల్ స్ప్రౌల్ కారు వాకిట్లో అప్పటికే ఆగి ఉంది. లోవెల్ షెరిఫ్ ఆఫీసులో డిటెక్టివ్. మెర్ల్‌ని పట్టుకున్నది అతనే. ఒకప్పుడు రెండేళ్ళు ఒడెట్ కింద పని నేర్చుకున్నాడు. నేర్చుకున్నది ఎంతో గానీ, పత్రికలవాళ్ళ ముందు టోపీ ఎలా సర్దుకోవాలో మాత్రం సొంతంగా కనిపెట్టుకున్నాడు.

"రండి ఒడెట్ గారూ," అన్నాడు తాళాలగుత్తి ఆడిస్తూ. "ఇవి నా దగ్గరున్నాయి కాబట్టి సరిపోయింది. లేకపోతే కిటికీలోంచి దూకేవారేమో ఈ వయసులో."

"నీకు దూకడం నేర్పించింది నేనే. తలుపు తియ్యి."

"శనివారం ఈ ఇల్లంతా చూశాం. పావుగంట పట్టింది. ఏమీ లేదు."

"పావుగంట చూస్తే ఎవరికైనా ఏమీ ఉండదు."

వెనక తలుపు వంటగదిలోకి తెరుచుకుంది. లోపల కూడా నోట్లోంచి ఆవిరి వస్తోంది. లోవెల్ సింకు పక్కనుంచి నడుస్తూ, అడ్డొచ్చిన అర తలుపుని మోకాలితో నెట్టి మూశాడు.

"ఆగు," అంది ఒడెట్. "ఇప్పుడేం చేశావు?"

"ఏం చేశాను?"

"సింకు కింద తలుపు మూశావు. తెరిచుందా అది?"

"రెండు రెక్కలూ తెరిచే ఉన్నాయి. కాలికి తగులుతోందని మూశాను. ఇందులో ఏముంది? రాత్రి మా ఇంట్లోనూ తెరిచే పెట్టాం. అంత చలికి గది వెచ్చదనం తగలకపోతే పైపులు పగిలి ఊరుకుంటాయా?"

"మీ పైపుల్లో నీళ్ళున్నాయి లోవెల్. ఈ ఇంట్లో అక్టోబరు నుంచీ లేవు."

లోవెల్ వెనక్కి తిరిగి సింకువైపు చూశాడు. తర్వాత భుజాలెగరేసి ముందుకెళ్ళాడు. ఒడెట్ మాత్రం అక్కడే కాసేపు నిలబడింది. గిన్నెలన్నీ బోర్లించి ఉన్నాయి. గట్టు మీద రొట్టెముక్క కాదు కదా, రవ్వ కూడా లేదు. ఎవరో చాలా జాగ్రత్తగా తుడిచారు. అంత జాగ్రత్తపరులు కూడా చలి బాగా పడిన రాత్రి సింకు తలుపులు తెరవకుండా పడుకోలేకపోయారు. చిన్నప్పటి నుంచి తల్లి తెరుస్తుంటే చూసి, తమ చేయి తమకి తెలియకుండానే తెరిచే ఈ తీరం మనుషులు చేసే పని అది. దొంగ చేసే పని కాదు.

థర్మోస్టాట్ హాల్లో, మెట్ల పక్క గోడకి ఉంది. ఇంటి వేడితోబాటు సెల్లార్‌లోని ట్యాంకులో ఆయిల్ ఎంతుందో కూడా చూపించే రకం. ట్యాంకు మీద బిగించిన చిన్న పరికరం లెక్క పంపుతూ ఉంటుంది. ఒడెట్ తండ్రి నలభై ఏళ్ళు ఆయిల్ ట్రక్కు నడిపాడు. కర్ర ముంచి కొలిచే ఆ కాలం మనిషి ఈ తెరని చూస్తే సోంబేరుల వ్యవహారం అనేవాడు.

తెర మీద డెబ్భై రెండు గ్యాలన్లు అని ఉంది.

"రోజూ అయ్యే ఖర్చు పోగా నూట ఐదుండాలి," అన్నాడు లోవెల్ వెనక నుంచి. "ముప్ఫై మూడు గ్యాలన్లు మాయం. అదీ అసలు సంగతి. మెర్ల్ ఈ ఇంట్లో ఆయిల్ తోడుకుంటున్నాడు. కోరా మొగుడు వెండెల్‌దే ఆయిల్ కంపెనీ. కోరా ఆ దొంగతనం కనిపెట్టింది, నిలదీసింది, వాడు చంపేశాడు. మూడు ముక్కల్లో కేసు. మీకు ఎక్కడ నచ్చలేదో చెప్పండి."

"మూడో ముక్క దగ్గర. శవమేది?"

"సముద్రం ఉందిగా."

ఒడెట్ తెర మీద వేలు పెట్టి గడిచిన రోజుల లెక్క వెనక్కి జరిపింది. నిమిషం నిమిషానికీ నమోదయ్యే గీత. ఇంటిని నలభై ఎనిమిది దగ్గర నిలపడానికి రోజుకి ఐదు గ్యాలన్లు చొప్పున నింపాదిగా దిగుతూ వచ్చిన గీత, పదకొండు రోజుల కిందటి శనివారం రాత్రి తొమ్మిదింటికి ఒక మెట్టు దిగింది. ఒకటిన్నర గ్యాలన్. ఆదివారం ఉదయం ఐదూ పదికి ఇంకో మెట్టు. మళ్ళీ రాత్రి తొమ్మిది. మళ్ళీ ఉదయం ఐదూ పది.

"ఇదేం దొంగతనం లోవెల్? మందు వేసుకున్నట్టు పొద్దునా రాత్రీ ఒకటిన్నర గ్యాలన్ తోడుకెళ్ళాడా? దొంగైతే ఒకేసారి డబ్బాల్లో నింపుకుపోడూ?"

"అనుమానం రాకుండా కొంచెం కొంచెం తీశాడు."

"ఇంటి వేడి చూడు. ఎప్పుడూ నలభై ఎనిమిదే, అర డిగ్రీ కూడా పెరగలేదు. అంటే ఆ ఆయిల్ గదులకి పోలేదు. ఇదే బాయిలర్ కుళాయిల్లోకి వేడినీళ్ళు కూడా ఇస్తుంది. నాతో రా."

కింది బాత్రూంలో టాయిలెట్ మూత ఎత్తింది. లోపల మామూలు నీళ్ళు. లోవెల్‌ని మేడ మీదికి తీసుకెళ్ళి రెండో మూత ఎత్తింది. అక్కడ మెర్ల్ పోసిన గులాబీ మందు కదలకుండా ఉంది.

"కింద ఎవరో వాడారు," అన్నాడు లోవెల్ నెమ్మదిగా. "పంపు వేశారు. వేడినీళ్ళు కూడా వాడుకున్నారు."

"నేర్పింది పూర్తిగా మర్చిపోలేదన్నమాట."

"అది మెర్లే కావచ్చు. శవం పడేసి వచ్చి కడుక్కున్నాడు."

"ఎన్నిసార్లు కడుక్కున్నాడు? శనివారం సాయంత్రం నాలుగింటికి నువ్వతన్ని జైల్లో వేశావు. అదే రాత్రి తొమ్మిదింటికి ఒక మెట్టు. ఆది, సోమ, మంగళ, రెండేసి. ఇవాళ పొద్దున ఐదూ పదికి ఇంకొకటి. మీ జైల్లోంచి అతనికి రోజూ స్నానానికి సెలవిస్తున్నారా?"

మెట్ల మీద లోవెల్ ఆగిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి. కోటు లోపలి నుంచి మడత పెట్టిన కాగితం తీశాడు. "అలా కావడానికి వీల్లేదు. నా దగ్గరున్న లెక్కలో ఇవి లేవు."

అదే గీత, కాగితం మీద. ఆయిల్ కంపెనీ ఆఫీసులో కూడా ఇదే లెక్క కనిపిస్తుంది, పావుకి దిగగానే ట్రక్కు పంపడానికి. కాగితం మీది గీత మాత్రం శనివారం సాయంత్రం నాలుగు దగ్గర ఆగిపోయింది.

"ఇదెవరిచ్చారు?"

"వెండెల్. స్వయంగా తెచ్చిచ్చాడు. మా ఇంట్లో కూర్చుని ఏడ్చాడండీ ఆయన. పాతికేళ్ళ నుంచి కలిసి చేపలకెళ్తాం మేము."

ఒడెట్ కాగితం కింది మూల మీద గోరు పెట్టి చూపించింది. అచ్చయిన తేదీ, సమయం చీమతలకాయంత అక్షరాల్లో ఉన్నాయి. సోమవారం ఉదయం తొమ్మిదీ ఐదు.

"సోమవారం అచ్చేసినవాడు శనివారంతో ఎందుకు ఆపాడు లోవెల్?"

లోవెల్ కాగితం వెనక్కి లాక్కున్నాడు. అతను మూర్ఖుడే గానీ దుర్మార్గుడు కాదు. ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాక ముఖంలో రంగు మారింది. పన్నెండూ ఇరవై ఐదు అయింది.

"కోరా బతికే ఉందంటారా?" అన్నాడు.

"ఉదయం ఐదింటికి బతికుంది."

"ఎక్కడికెళ్ళింది మరి?"

"వెళ్ళిపోయే ఉంటుంది," అంది ఒడెట్. "నువ్వు కోర్టుకి బయల్దేరు. నలభై నిమిషాల దారి. రెండులోపు జడ్జికి నువ్వే స్వయంగా చెప్పాలి. వెండెల్‌కి మాత్రం ఫోన్ చెయ్యకు."

"మీరు చెప్పక్కర్లేదు," అని లోవెల్ కాగితం జేబులో పెట్టుకుని, ఈసారి టోపీ సర్దుకోకుండానే వెళ్ళాడు.

అబద్ధం చెప్పి పంపినందుకు ఒడెట్‌కి కొంచెం ఇబ్బందిగానే ఉంది. కానీ ఒక మనిషి జైలుకెళ్ళాడు గానీ లోవెల్‌కి నోరు విప్పలేదు. లోవెల్‌కి చెబితే అది వెండెల్ చెవిన పడుతుందనేగా. ఆ మౌనాన్ని తను వమ్ము చేయకూడదనుకుంది.

కారు చప్పుడు దూరమయ్యాక హాలు మధ్యలో నిలబడి మామూలు గొంతుతో మాట్లాడింది. "కోరా, నా పేరు ఒడెట్ మిషో. మెర్ల్ చెల్లెలు పంపింది. మెర్ల్ నాలుగు రోజుల నుంచి జైల్లో ఉన్నాడు, నిన్ను చంపినందుకు. నువ్వొచ్చి కనపడితే వదిలేస్తారు."

గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత మేడ మీద, వాలుకప్పు కింద సామాన్లు దాచే చిన్న తలుపు కిర్రుమంది. మెట్ల మీద మూడు కోట్లు ఒకదాని మీద ఒకటి వేసుకున్న మనిషి కనిపించింది. ముక్కు వాచి పక్కకి తిరిగి ఉంది. కళ్ళ కింద నలుపు పసుపులోకి మారుతోంది.

"జైల్లోనా?" అంది. "నా పాస్‌పోర్టు ఇంకా రాలేదేమో, మెర్ల్ అందుకే రావట్లేదనుకున్నాను. అది మెర్ల్ వాళ్ళ పోస్టు పెట్టెకి వస్తుంది. రాగానే బ్రిడ్జి మీదుగా దేశం సరిహద్దు దాటి న్యూబ్రన్స్‌విక్‌లో మా అక్క దగ్గరికి దించేస్తానన్నాడు." ఆమె మెట్టు మీదే కూర్చుండిపోయింది. "వాడు చెప్పేయాల్సింది. నా కోసం ఎందుకు ఊరుకున్నాడు?"

"చెప్పడు. నన్ను కూడా ఆయిల్ ఎంతుందనే అడిగాడు, నువ్వు చలికి బిగుసుకుపోతావని. ముక్కు పగలగొట్టింది వెండెలేనా?"

కోరా తలూపింది. "ఇంటి వేడి ఒక్కసారి కూడా పెంచలేదండీ. ఇంటి యజమానురాలు ఫోన్లో చూస్తుందని తెలుసు. పొద్దునా రాత్రీ ముక్కుకి కాపడం పెట్టుకోడానికి వేడినీళ్ళు పట్టుకునేదాన్ని. మిగిలినవాటితో ఒళ్ళు తుడుచుకునేదాన్ని."

"బాయిలర్ రాజుకోవాలంటే అదే చాలు. గీత దిగింది."

"ఆఫీసులో ఆ తెర వెండెల్ చూడడు. అదంతా అక్కడి అమ్మాయి చూసుకుంటుంది."

"సోమవారం చూశాడు కోరా."

ఆమెకి అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది. తర్వాత ఆమె అడిగిన ప్రశ్న ఒడెట్ గుండెల్లో గుచ్చుకుంది. "మరి రాలేదేం? మంచుకి దారి లేకనా? ఇప్పుడు మీరెలా వచ్చారు?"

"నేనే తీయించాను," అంది ఒడెట్. ఇంత తెలివిగా గీతలు చదివిన మనిషికి, తను తెరిచిన దారిలో ఇంకెవరైనా రాగలరన్న చిన్న సంగతి తట్టలేదు. సిగ్గు ముంచుకొచ్చింది. "లే, వెళ్దాం. సామాన్లేం వద్దు."

ఆమెని లేపడానికి చెయ్యి చాచినప్పుడు థర్మోస్టాట్ మీదికి చూపు పోయింది. డెబ్భై రెండు ఉండాల్సిన చోట ఎనభై ఒకటి ఉంది. చూస్తుండగానే తొంభై అయింది.

ట్యాంకులో ఆయిల్ తగ్గడానికి ఎన్ని కారణాలైనా ఉండొచ్చు. పెరగడానికి ఒకటే ఉంది.

గోడ అవతల నుంచి సన్నగా ఈల వినిపిస్తోంది. ఇంతసేపూ దాన్ని గాలి అనుకున్నారు. ఆయిల్ పోస్తుంటే ట్యాంకులోంచి గాలి పైపు గుండా బయటికి పోతూ వేసే ఈల అది. నిండేదాకా మోగుతుంది, నిండగానే ఆగుతుంది. డ్రైవర్లు దాన్ని వింటూ గొట్టం కట్టేస్తారు.

ఒడెట్ కిటికీ తెర ఒక్క అంగుళం జరిపింది. ఆయిల్ ట్రక్కు వాకిలికి అడ్డంగా ఆగి ఉంది. తన కారు దాని వెనక ఇరుక్కుపోయింది. ఫోన్ తీసి చూసింది. సిగ్నల్ ఒక్క గీత కూడా లేదు.

"డ్రైవరే అయ్యుంటాడు," అంది కోరా. ఆ మాట తనే నమ్మనట్టు వినిపించింది.

నూట మూడు దగ్గర అంకె ఆగింది. ఈల కూడా ఆగింది.

"నిండలేదు," అంది కోరా చాలా చిన్నగా. ఇరవై ఏళ్ళు ఆయిల్ వ్యాపారి ఇంట్లో కాపురం చేసిన మనిషికి అది ఒకరు చెప్పక్కర్లేదు. "నిండితే రెండువందల యాభై దాటాలి. డ్రైవరైతే మధ్యలో ఆపడు."

పెరటి వైపు సెల్లార్‌లోకి దిగే తలుపుకి గొళ్ళెం తీసిన చప్పుడైంది. బాయిలర్ బాగు చెయ్యడానికని ఆయిల్ కంపెనీ దగ్గర ఆ తలుపుకి తాళంచెవి ఉంటుంది. ఒడెట్ కోరాని తన వెనక్కి లాగి, సెల్లార్ మెట్ల తలుపుకి ఎదురుగా నిలబడింది. కింద ఎవరో తీరిగ్గా నడిచారు. బాయిలర్ పక్కనుండే ఎర్ర స్విచ్ టక్కుమంది.

థర్మోస్టాట్ మీది అంకెలు ఆరిపోయాయి.

"బాయిలర్ కట్టేశానే కోరా," అంది కింద నుంచి ఒక మగగొంతు, కోపం ఏమాత్రం లేకుండా. "కాసేపట్లో బాగా చల్లబడిపోతుంది. కోటు వేసుకో. నీ పక్కనున్నావిడని కూడా వేసుకోమను."